ప్రభ లెక్కా, బాబాయి మీసమూ

నేను విమానం ఎక్కింది రెండే రెండుసార్లు. రెండుసార్లూ అడిగి మరీ కిటికీ పక్క సీటు తీసుకుని, మబ్బుల్ని వదిలేసి రెక్క చివర చూస్తూ కూర్చున్నాను. రెక్క ఊగుతుంది. ఊగాలి కూడా. పక్క సీటాయన బెదిరిపోయి, "ఏమ్మా, అది అట్లా ఊగొచ్చా?" అని అడిగాడు. "ఊగొచ్చండీ. ఊగుతూ మెలి తిరగడం మొదలుపెడితే మాత్రం మనిద్దరం దేవుణ్ణి తల్చుకోవాలి" అన్నాను. దిగేదాకా ఆయన మళ్ళీ నా వైపు చూస్తే ఒట్టు.

ఈ నోటిదురుసు నాకు పుట్టుకతో వచ్చింది. నరసరావుపేట దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాను. పగలు పిల్లలకు మ్యాట్రిక్సులు, సాయంత్రం నా పీహెచ్‌డీ. దేని మీద అని ఎవరైనా అడిగితే "ఫ్లటర్" అంటాను. రెండో ప్రశ్న వేసినవాళ్ళు ఇంతవరకూ ముగ్గురే, వాళ్ళలో ఒకరు మా అమ్మ. ఆవిడ అడిగింది కూడా "అది అయిపోతే జీతం పెరుగుద్దా?" అని.

సంగతి పెద్ద కష్టమైందేమీ కాదు. గాలిలో రెక్కకు రెండు అలవాట్లుంటాయి. ఒకటి పైకీ కిందికీ ఊగడం, రెండోది తన నడుం చుట్టూ తాను మెలి తిరగడం. దేని లయలో అది ఉన్నంతసేపు రెండూ బుద్ధిమంతులే. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు లయలూ దగ్గరవుతాయి. ఒకానొక వేగం దగ్గర అవి కలిసిపోయి, గాలిలోని బలాన్ని గుంజుకుని ఒకదాన్నొకటి ఎగదోసుకోవడం మొదలుపెడతాయి. తర్వాత కొన్ని క్షణాలకు రెక్క ఉండదు. ఫ్లటర్ అంటే ఇదే. ఆ వేగం ఎంతో విమానం లేవకముందే కాగితం మీద పట్టుకోవడం మా పని.

పట్టుకోవడంలో ఒక పేచీ ఉంది. గాలి రెక్కను ఎంత బలంగా నెడుతుందనేది రెక్క ఊగే లయను బట్టి ఉంటుంది. రెక్క ఏ లయలో ఊగుతుందనేది గాలి నెట్టే బలాన్ని బట్టి ఉంటుంది. అందుకని ముందు ఒక లయను ఊహించి లెక్కలో వేస్తాం. ఇంకో లయ బయటికొస్తుంది. దాన్ని తీసి మళ్ళీ వేస్తాం. వేసిందీ వచ్చిందీ ఒకటయ్యేదాకా ఇదే తంతు, పప్పులో ఉప్పు రుచి చూసుకుంటూ వేసినట్టు. ఒక్కో గాలి వేగానికి ఒక్కో జవాబు. జవాబు మైనస్ వైపు ఉంటే ఊపు దానంతటదే చచ్చిపోతుంది. ప్లస్ వైపు పోయిందా, పెరుగుతూ పోతుంది. గ్రాఫులో గీత సున్నా దాటే చోటు కోసమే మా బతుకులన్నీ.

ఇంత చదువుకున్నదాన్ని నన్ను పట్టుకుని నిలదీసిన మనిషి మా బాబాయి. పదో తరగతి తప్పాడు. మిరప వేస్తాడు. పొద్దున్నే ట్రాక్టర్ అద్దంలో చూసుకుంటూ మీసానికి కొబ్బరినూనె రాసి కొసలు పైకి మెలేస్తాడు. మా పిన్ని కన్నా ఆ మీసం మీదే ఆయనకు ప్రేమ ఎక్కువని పిన్నే చెబుతుంది. ఊళ్ళో ఆయనకున్న ఇంకో గౌరవం ప్రభ. శివరాత్రికి మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ కోటప్పకొండకి ప్రభలు తీసుకుపోతాయి. వెదురుబొంగులతో అరవై అడుగుల ఎత్తున పలకలా కట్టి, రంగుబట్టలు చుట్టి, లైట్లు పెట్టి, బండి మీద నిలబెట్టి, నాలుగు వైపులా మోకులు పట్టుకుని నడిపించుకుపోతారు. మా ఊరి ప్రభకు మా తాత తర్వాత పెత్తనం బాబాయిదే. కిందటేడు కొండకు సగం దారిలో గాలి ఎక్కువై ప్రభ ఊగిపోతుంటే, దాన్ని పడుకోబెట్టి తీసుకుపోవాల్సి వచ్చింది. పడుకున్న ప్రభను చూసి పక్క ఊరివాళ్ళు దుప్పటి కప్పమన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు బాబాయి ఇప్పటికీ నా మొహం వంక చూడడు.

సంక్రాంతి పోయిన వారానికి మా ఇంటికొచ్చాడు.

"ఏమే, నీ చదువు ఊగేవాటి గురించేగా? మన ప్రభ ఎందుకూగుద్దో చెప్పు చూద్దాం."

"నాది విమానం రెక్క బాబాయ్. నీది వెదురుబొంగుల ప్రభ."

"రెక్కని పీకి నిలబెడితే ప్రభ కాదా?"

 నిజంగానే కాదా మరి!

పైకి విసుక్కున్నానే గానీ లోపల సంబరపడిపోయాను. నా లెక్కను నా ఊళ్ళో ఒకరు అడగడం అదే మొదటిసారి. ఒక ఉదయం గాలి లేని వేళ చూసి ఖాళీ చట్టాన్ని లేపించాను. దాని కొసకు ముందే నా ఫోను కట్టించి, కింద నుంచి మోకు గుంజి వదిలిపెట్టమన్నాను. ఎన్నిసార్లు ఊగిందో, ఎన్నిసార్లు మెలి తిరిగిందో ఫోను రాసుకుంది. ఆ గంటసేపూ మా అమ్మ నాకు ఫోను చేస్తూనే ఉంది. అరవై అడుగుల పైన అది మోగుతూనే ఉంది. "ఎత్తదేందే ఇది, ఎంత పొగరు!" అని కింద వీధి అరుగు మీద ఆవిడ తిట్లు నాకు స్పష్టంగా వినపడ్డాయి.

రెండు రాత్రులు కూర్చుని ప్రోగ్రాం రాశాను. మూడో రోజు తీర్పు చెప్పాను. "మోకులు వదులుగా ఉంటున్నాయి బాబాయ్, అందుకే ఊగుతోంది. మోకులు తీసేసి ఇనుప తీగలు కట్టి, బండి నాలుగు మూలలకూ బిర్రుగా బిగించెయ్. ఎవరూ పట్టుకోనక్కర్లేదు."

"నమ్మొచ్చా?"

"లెక్క బాబాయ్! నమ్మడం, నమ్మకపోవడం ఉండదు."

ఆ ముక్క తీసుకుని ఆయన నేరుగా టీకొట్టుకు పోయాడు. అక్కడ మా ఎదురింటి మావయ్య ఉన్నాడు. ప్రభ పెత్తనం మీద ఎప్పట్నుంచో కన్నేసిన మనిషి. "ఈయేడు కూడా పడుకోబెట్టే తీసుకుపోతావా ఏంది?" అని ఆయన అన్నాడు. బాబాయి గ్లాసు కింద పెట్టాడట. "మా అమ్మాయి లెక్కతో ప్రభ నిలబడి కొండకాడికి పోద్ది. పోకపోతే ఈ మీసం తీసేస్తా."

పల్నాడులో మీసం మీద మాట అంటే నవ్వులాట కాదు. పిన్ని ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పింది. నా థీసిస్‌ను ముగ్గురు పరీక్షకులు చదువుతారు, తప్పుంటే దిద్దమంటారు, అంతే. మీసం పందెం పెట్టి చదివేవాడు నాకు అంతవరకూ లేడు.

శివరాత్రికి పది రోజుల ముందు ప్రభ లేపారు. బట్టలు చుట్టేశారు, లైట్లు కట్టేశారు, నా తీగలు నేను చెప్పినట్టే తీగ మీటితే మోగేంత బిర్రుగా బిగించారు. బాబాయి మాత్రం పాత మోకుల్ని కూడా పై నుంచి వేలాడదీసి ఉంచాడు. "ఎందుకివి?" అని అడిగితే "అలవాటు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. లెక్క మీద నమ్మకం లేనివాళ్ళతో ఇంతే అని మొహం మాడ్చుకుని నిలబడ్డాను.

మధ్యాహ్నం మూడింటికి పడమటి గాలి లేచింది. మొదట ప్రభ కొంచెం ఊగింది. ఊళ్ళో అందరూ నా వంక చూశారు, నేను చిరునవ్వు నవ్వాను. తర్వాత ఊగుతూ మెలి తిరిగింది. ఒక ఊపు, ఒక మెలి. మళ్ళీ ఊపు, ఈసారి ఇంకొంచెం పెద్దది. రెండూ ఒకే లయలో పడ్డాయి. ఏళ్ళ తరబడి గ్రాఫుల మీద చూసిన వ్యవహారం నా కళ్ళ ముందు, మా పెంకుటిళ్ళ పైన జరుగుతోంది. నా గ్రాఫుల్లో ఎప్పుడూ చప్పుడు ఉండేది కాదు. ఇక్కడ బొంగులు మూలుగుతున్నాయి, తీగలు కీచుమంటున్నాయి. 

"తీగలు వదలండ్రా! మోకులందుకోండి!" అని బాబాయి ఒక్క అరుపు అరిచాడు. క్షణాల్లో నలభై చేతులు మోకుల మీద పడ్డాయి. తీగలు వదులయ్యాయి. బాబాయి ఈల వేస్తుంటే ఒక వైపు వాళ్ళు లాగుతున్నారు, ఇంకో వైపు వాళ్ళు జారనిస్తున్నారు. ప్రభ నాలుగు ఊపులు ఊగి, అలిసిపోయిన గేదెలా నిమ్మళించింది.

అప్పుడు వెలిగింది నా బుర్రలో. తీగలు లేకుండా లెక్క కట్టాను. తీగలు బిగించాక మళ్ళీ కట్టలేదు. బిగిస్తే మంచిదేగా అనుకున్నాను! బిగిస్తే ఊగే లయ పెరిగి మెలి తిరిగే లయకి ఆనుకుని కూర్చుంటుంది. రెండింటినీ కలిపి కాపురం పెట్టించింది నేనే. "గట్టిగా ఉన్నదల్లా క్షేమం కాదు పిల్లలూ" అని ఏటా మొదటి క్లాసులో చెప్పేది కూడా నేనే. తల కొట్టేసినట్టయింది.

మావయ్య దగ్గరికొచ్చాడు. నోరు తెరవబోయేలోగా బాబాయి అందుకున్నాడు. "ఏందిరా అట్టా చూస్తారు? మా అమ్మాయే ఊపించింది. ఎంత గాలికి ఊగుద్దో ముందే చూసుకోవద్దా?"

"అట్టనా కోడలా?" అన్నాడు మావయ్య నన్ను.

"అవును మావయ్యా. టెస్టింగ్" అన్నాను. సిగ్గూ శరం లేకుండా అన్నాను. ఇంగ్లీషు మాట కదా, పనిచేసింది.

జనం పోయాక బాబాయి నన్ను ట్రాక్టర్ పక్కకి పిలిచాడు. "ఇప్పుడు చెప్పు, ఏం తప్పు చేశావు?" చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. మీసం దువ్వుకుంటూ కాసేపు ఆలోచించి, "రేపట్నుంచి రోజూ సాయంత్రం వచ్చి ఆ లెక్క నాకు చెప్పు. రాకపోయావో, టీకొట్టుకాడ నిజం చెప్పేస్తా" అన్నాడు.

బెదిరింపు! అదీ సొంత బాబాయి! ఏం చేస్తాను, కాలేజీ బస్సు దిగి చీర కొంగు దోపుకుని పోయేదాన్ని. ట్రాక్టర్ ట్రక్కు పక్కరేకే మా బోర్డు. మ్యాట్రిక్సుల్ని గళ్ళని పేరు మార్చి, సుద్దముక్కతో బరువుల గడి, బిగువుల గడి, గాలి గడి, చివర అన్నీ సున్నాలున్న ఇంకో గడి గీశాను. లెక్క చివర తేలే జవాబు పేరు ఐగెన్ వాల్యూ. అది నోరు తిరగక దాన్ని "సొంత అంకె" అనేవాడు. ఆ మాటకు అర్థం నిజంగా అదే. మా క్లాసులో అరవై మందికి ఒక సెమిస్టర్ అంతా చెప్పినా ఎక్కనిది ఈయనకు నాలుగు సాయంత్రాల్లో ఎక్కింది. నాకు కాస్త అసూయ కూడా వేసింది.

ఐదో సాయంత్రం రేకు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అన్ని గళ్ళూ నిండినయ్యి. ఈ గళ్ళో సున్నాలేంది?"

"అది ఊపుని చంపే గుణం బాబాయ్, డ్యాంపింగ్. వెదురుకి పెద్దగా ఉండదని వదిలేశాను."

"మరి మోకు పట్టుకున్నోళ్ళ చేతులు యాడేశావు?"

 నలభై చేతులు. ప్రభ తమ వైపు వస్తుంటే జారనిస్తూ, పోతుంటే ఆపుతూ దాని ఊపును తాగేసే చేతులు. మా తాతల కాలం నుంచి ఆ ప్రభను నిలబెడుతున్నది అవే. వాటిని నేను సున్నా వేసి కూర్చున్నాను. మోకులు తీసేయమన్నాను కూడా!

ఆ రాత్రి ఇంట్లో ఆ గడిలో ఒక అంకె వేశాను. గీత సున్నా దాటింది. కొంచెం పెంచాను, ఇంకా దాటింది. గీత ఎక్కడా సున్నా దాటకుండా బుద్ధిగా కిందనే ఉండేదాకా పెంచుకుంటూ పోయి అక్కడ ఆపాను. నిజం చెప్పొద్దూ, ఆ విద్య నాకు కొత్త కాదు. నా థీసిస్ నాలుగో అధ్యాయంలోనూ ప్రయోగశాల రెక్కకి నా గ్రాఫు సరిపోకపోతే అట్లాగే ఒక అంకె పెట్టాను. అది ఎక్కడిదని గైడు గారు అడగలేదు. థీసిస్ ఇవ్వడానికి ఇక రెండు వారాలే ఉంది.

మర్నాడు బాబాయికి కొత్త గ్రాఫు చూపించాను. "చూడు, ఇప్పుడు మోకులతోనే నిలబడుతుంది."

చాలాసేపు చూశాడు. "ఆ అంకె యాడిది?"

"అంతే ఉంటుంది బాబాయ్. నీకు తెలీదులే."

"సరే" అన్నాడు. ఎదురు మాట్లాడే మనిషి సరే అన్నాడంటే నేను అప్పుడే అనుమానపడాల్సింది.

శివరాత్రి రోజు పొద్దున బయల్దేరాం. మా ఊళ్ళో ఆడవాళ్ళు మోకు పట్టరు. బాబాయి నన్ను పిలిచి వెనక మోకు నా చేతిలో పెట్టాడు. "చేతుల్ని లెక్కలో ఎయ్యాలంటే ముందు మోకు మీద ఎయ్యాలి" అన్నాడు. మావయ్య ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఊరు దాటి బయలు పొలాల్లోకి వచ్చాక గాలి అందుకుంది. సరిగ్గా కిందటేడు ప్రభను పడుకోబెట్టిన చోటే. పైన ప్రభ ఊగి మెలి తిరగబోయింది. నేను ప్రాణం పెట్టి లాగాను.

"ఏమే! లాగబాకే! అది పోయేటప్పుడు పట్టు, వచ్చేటప్పుడు వదులు!"

వదిలాను. పోతుంటే మోకు అరచేతుల్ని కాలుస్తూ జారింది. పట్టాను. మళ్ళీ వచ్చింది, వదిలాను. పది నిమిషాలకు చూడకుండానే తెలిసిపోతోంది, ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు వదలాలో. ఒకసారి గాలి బాగా పెరిగినప్పుడు బాబాయి ఇంకో పాతికమందిని పిలిచాడు. ఇంకోసారి బండినే ఆపించాడు. నా అంకె ఇరవై రకాలుగా మారుతోంది, ఆయన ఈలను బట్టి. సాయంత్రానికి కొండ కిందికి చేరాం. ప్రభ నిలబడే ఉంది, లైట్లన్నీ వెలుగుతూ. నేను ఏడ్చాను. చేతులు మండి ఏడ్చానని చెప్పుకున్నాను గానీ దానికి కాదు. మావయ్యే వచ్చి బాబాయిని కావిలించుకుని, "నీ మీసం గెలిచిందిరా" అన్నాడు.

మర్నాడు ఉదయం మా వీధిలో పిన్ని కేక వినపడింది. "ఆళ్ళ నాయన పోయినప్పుడు తీశాడమ్మా, మళ్ళీ ఇప్పుడు తీశాడు! ఎవురు పోయారని?" పరుగెత్తుకుపోయాను. బాబాయి అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ముక్కు కింద తెల్లగా, ఎండ సోకని చర్మం. నాకు తెలిసిన మొహమే కాదు. ముందు నవ్వొచ్చింది, ఆపుకోలేక పగలబడి నవ్వాను. తర్వాత ఆగిపోయింది నవ్వు.

"ఏంది బాబాయ్ ఇది? ప్రభ నిలబడిందిగా!"

"నిలబడింది."

"మరి?"

"మా అమ్మాయి లెక్కతో నిలబడుద్దన్నా. నీ లెక్కతో నిలబడలా." గ్లాసు పక్కన పెట్టాడు. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది. "ప్రభ నిలబడాలని ముందే అనుకుని, దానికి తగ్గ అంకె ఏసుకున్నావు. నేను అడిగా యాడిదని. నీకు తెలీదులే అన్నావు. నాకు తెలీకపోతే తెలీకపోనీ, నీకు తెలుసా?"

తల అడ్డంగా ఊపాను.

"ఊళ్ళో నీ కోసం ఒక అబద్ధం ఆడా. అది నువ్వు చిన్నదానివని. దీనికి మాత్రం మీసం మీద మాట ఇచ్చా కదే."

నేను ఇంటికి పోలేదు. అక్కడే వాళ్ళ అరుగు చివర కూర్చుని, బొబ్బలెక్కిన వేళ్ళతోనే ఫోను తీసి మా గైడు గారికి చేశాను. "సార్, నాలుగో అధ్యాయంలో డ్యాంపింగ్ అంకె కొలిచింది కాదు. గ్రాఫు కలవడానికి నేను పుట్టించి పెట్టాను. ఆ ప్రయోగం మళ్ళీ చెయ్యాలి, థీసిస్ ఇప్పుడు ఇవ్వలేను" అన్నాను.

ఆయన "రెండేళ్ళుగా ఆ అధ్యాయం నా బల్ల మీదే ఉంది. ఇన్నాళ్ళూ చెప్పనిది ఇవాళ పొద్దున్నే ఎందుకు చెబుతున్నావమ్మా?" అని అడిగారు.

"మా బాబాయి మీసం తీసేశాడండీ" అన్నాను.